నాలాంటి చేతులు వెతుక్కుంటూ నిడుగల్లుకి

పావగడకు బయటివాళ్లు రెండు పనుల మీదే వెళతారు. ఒకటి శనిమహాత్ముడి గుడి, రెండోది వేరుశెనగ బేరం. నేను వెళ్లింది ఈ రెంటికీ కాదు. నా చేతులలాంటి చేతులు ఒకేచోట గుంపుగా ఉన్నాయని విని చూడటానికి వెళ్లాను. వింతగా అనిపించవచ్చు, కాబట్టి ముందు కారణం చెబుతాను.

నలభై దాటాక నా వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకోదు, చీర కుచ్చిళ్లు చేతికి అందవు. పొద్దు బారెడు ఎక్కాక కొంత వదులవుతాయి. బళ్లారి డాక్టరమ్మ చూసి, దీన్ని రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అంటారని చెప్పింది. "ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే పొరపాటుపడి మీ కీళ్లను శత్రువనుకుని కొడుతోంది" అంది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా మా ఊరి రైసుమిల్లు కాటా దగ్గర ఏళ్ల తరబడి నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. ఎవరేం చెప్పినా "ఎంతలో ఎంత?" అని అడగనిదే నాకు తోచదు. ఆవిణ్ణీ అదే అడిగాను, ఇది ఎంతమందికి వస్తుందని. అలా అడిగిన రోగి ఇంతవరకూ లేదేమో, ఆవిడ పెన్ను పక్కన పెట్టి ఓపికగా చెప్పింది. ప్రపంచంలో చాలాచోట్ల నూటికి ఒకరిలోపట. అమెరికాలో కొన్ని ఆదివాసీ తెగల్లో అంతకు ఎన్నో రెట్లట. ఆఫ్రికా పల్లెల్లో, చైనాలో బాగా తక్కువట. ఎక్కడైనా మగవాళ్లకంటే ఆడవాళ్లకే రెండు మూడింతలు ఎక్కువట. "మరి మన పల్లెల్లో?" అన్నాను. "ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టినవాళ్లు తక్కువ" అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మాది సిరుగుప్ప దగ్గర క్యాంపు. తుంగభద్ర కాలువ కింద, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల ఊళ్లను అలాగే పిలుస్తారు. మా క్యాంపులో మూడు వందల మందిమి ఉంటాం. లెక్క ప్రకారం ఇద్దరో ముగ్గురో ఉండాలి. వాకబు చేస్తే ఇద్దరం తేలాం, నేనూ, వడ్రంగి భార్యా. అమెరికాకు సరిపోయిన లెక్క మా క్యాంపుకీ సరిపోయిందని ఆ రోజంతా నాకు పండగే.

తరవాత కొన్నాళ్లకు మా గేదెలకు వేరుశెనగ చెక్క తెచ్చే లారీ డ్రైవరు రామాంజి నా చేతులు చూసి ఆగిపోయాడు.

"ఇవి మా ఊరి చేతుల మాదిరి ఉండాయే అక్కా. మా నిడుగల్లులో ఇంటికొకరు ఇట్లే కీళ్లు పట్టుకోని కూసోనుండారు. మాయమ్మ అయితే మెడే తిప్పల్యాదు."

ఇంటికొకరు. ఇంటికి ఐదుగురనుకుంటే నూటికి ఇరవై. అమెరికా తెగలను మించిన ఊరు నాకు ఒక్క పగటి ప్రయాణం దూరంలో ఉందన్నమాట. "మీ ఇంట్లో నాలుగు రోజులుంటాను, చోటుందా?" అని అక్కడికక్కడే అడిగాను. నారు పోసిన తరవాత, నాట్లకు ముందు నాకు కాస్త తీరిక ఉంటుంది. మా ఆయన "కీళ్లనొప్పులు చూడటానికి కీళ్లనొప్పులతో పోతున్నావు" అని నవ్వి, సంచీ మాత్రం తనే సర్దాడు.

కళ్యాణదుర్గం దాటాక

బళ్లారి నుంచి కళ్యాణదుర్గం చేరేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను, మూడు రూపాయలు. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పుట్నాలపొడి చల్లి ఇస్తారు. మా వైపు బొరుగులంటే పిల్లల చిరుతిండి, ఇక్కడ అది పెద్దవాళ్ల టిఫిను. రెండోసారీ పెట్టించుకున్నాను.

పావగడ బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన నా చేతులు చూసి, "యా ఊరి బోరు తాగినావమ్మా?" అన్నాడు.

"బోరు కాదండీ, తుంగభద్ర కాలువ నీళ్లు."

"తమాషా చేయొద్దు తల్లీ. కాలవ నీళ్లకు ఇట్లా యాడయితాది? కంబదూరా, రొప్పమా?"

కాదన్నకొద్దీ చుట్టుపక్కల సీట్లవాళ్లు ఒక్కో ఊరి బోరు పేరు చెప్పారు. చివరికి ఒకావిడ, "పోనీలే తాతా, పుట్టింటి పేరు చెప్పుకోడానికి నామోషీ ఏమో" అని తీర్పు చెప్పింది. నాకు కోపం రాలేదు, లోపల గంతులేస్తున్నట్టుంది. ఇంతమంది ఇంత తేలిగ్గా గుర్తుపట్టేంతగా రోగం ఉన్న చోటికే వెళుతున్నాను కదా.

కిటికీ బయట ఎర్రమన్ను, నల్లగుండ్లు. దున్ని పెట్టిన చేలు వానకు ఎదురుచూస్తున్నాయి. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లవి. మా వైపు నీళ్లు ఎక్కువై గట్లు తెగితే పోట్లాటలు. ఇక్కడ వాళ్లు నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయో ఒకరికొకరు చెప్పుకుంటారు, మనం పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు.

పావగడలో దిగిన చోటు

ఒంటరిగా వచ్చిన పరాయి ఆడమనిషి ఇంకెక్కడికి పోతుందనుకున్నాడో, కండక్టరు నన్ను శనిమహాత్ముడి గుడి ముందు దించేశాడు. దిగీ దిగగానే ఒకబ్బి నల్లనువ్వుల పొట్లం, నూనె ప్రమిద చేతిలో పెట్టాడు. వేళ్లు వంగక ప్రమిద జారి నూనె నా చెప్పుల మీద పడింది. "దోషం నేలకు పోయిందిలేమ్మా, మంచిదే" అని అతను ఇంకో ప్రమిద ఇచ్చి, రెంటికీ డబ్బు తీసుకున్నాడు. ఎలాగూ వచ్చాను కదా అని దణ్ణం పెట్టుకుని, జారే చెప్పులతో నడిచి నిడుగల్లు బస్సు పట్టుకున్నాను.

ఓబులమ్మ ఇంట్లో

నిడుగల్లు వెనక కొండ, కొండ మీద పాతకోట గోడలు. కింద గొర్రెలమందలు, మెట్టచేలు. రామాంజి వాళ్ల ఇల్లు రాతిబండలు కప్పిన మూడంకణాల ఇల్లు. అతను లారీ మీద హుబ్బళ్లి వైపు వెళ్లాడు. వాళ్లమ్మ ఓబులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూడటానికి మెడ తిప్పలేదు, మొత్తం మనిషే తిరిగింది.

"రామ్మా. రామాంజి చెప్పినాడు. క్యాంపమ్మవి నువ్వేనా?"

"అవునండీ, ఓబులమ్మగారూ."

"గారేంది? అత్తా అను చాలు."

ముందుగా ఒక గ్లాసులో నీళ్లిచ్చింది. మా ఇళ్లల్లో చుట్టానికి చెంబునిండా ఇస్తాం, ఇక్కడ గ్లాసు కొలతే. తాగితే తియ్యగా ఉన్నాయి. మూల ఒక చిన్న బిందె ఉంది, మూత మీద రాయి పెట్టి. అర్ధరూపాయికి బిందె చొప్పున దూరపు బావి నుంచి బండి మీద వచ్చే తియ్యనీళ్లు అవి, చుట్టాలకు మాత్రమే. ఇంటివాళ్లకు బోరు నీళ్లే.

చిన్నకొడుకు అంజినప్ప, అతని భార్య లక్ష్మీదేవి, ఇద్దరు పిల్లలు అదే ఇంట్లో ఉంటారు. సాయంత్రం వంట చేసింది లక్ష్మీదేవి. చురుకైన పిల్ల, ముప్పై ఉండవు. రాగి సంగటి గెలికి, తడిచేత్తో ముద్దలు చేసి, వేరుశెనగ పచ్చడితో, వాళ్ల మాటలో ఊరిబిండితో, పెట్టింది. నేను అన్నం నమిలినట్టు సంగటి నములుతుంటే పిల్లలు పడిపడి నవ్వారు.

"మింగల్ల పెద్దమ్మా, నమిలితే సంగటి సిగ్గుపడతాది" అన్నాడు పెద్దవాడు. ఆ నవ్వులో వాడి పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడ్డాయి.

భోజనం అయ్యాక అంజినప్ప దగ్గరకు జరిగి కూర్చున్నాడు. క్యాంపుల్లో కూలి ఎంత, గుడిసె వేసుకోనిస్తారా, బడి ఉందా అని ఒకదాని మీద ఒకటి అడిగాడు. నాకు లెక్కలు చెప్పడమంటే ఇష్టం కదా, నాటుకు ఎంత, కోతకు ఎంత, ఏడాదికి ఎన్నాళ్లు పని దొరుకుతుందో అన్నీ చెప్పాను. అప్పుడు తెలిసింది, వాళ్లకున్న మూడెకరాల చేను అమ్మి అతను మా వైపు రావాలనుకుంటున్నాడని. కొనేవాడు సోమవారం వస్తాడట, పావగడ రిజిస్ట్రారు ఆఫీసుకి కలిసి వెళతారట.

"చేను అమ్మినాంక ఏం మిగులుతాది?" అంది ఓబులమ్మ.

"మనుషులు మిగులుతారు. ఈ నీళ్లు తాగి ఊరంతా వంగిపోతాండాది."

"పెండ్లాం సొరకాయ కోసినా నువ్వు చెయ్యి తడిమి చూస్తావు. దానికోసరం తాతలనాటి చేను అమ్ముతాడంట."

లక్ష్మీదేవి గిన్నెలు తోముతూ తలెత్తలేదు. అత్తాకోడళ్ల గొడవనుకుని నేను పట్టించుకోలేదు.

నా లెక్క తప్పింది

మర్నాడు ఓబులమ్మ వెంట ఊరు తిరిగాను. అంటే పొద్దెక్కాకే. నా చేతులు సాగేదాకా గది దాటి బయటికి రాను, కొత్తచోట అసలే రాను.

నిజమే, ఇంటికొకరు ఉన్నారు. కొన్ని ఇళ్లల్లో ఇద్దరు. కానీ నాలుగిళ్లు తిరిగేసరికి నా ఉత్సాహం నీరుగారిపోయింది. వీళ్లకు పట్టేసింది వెన్ను, మెడ, మోకాలు. వేళ్ల కణుపులు బాగానే ఉన్నాయి. మగా ఆడా తేడా లేదు. పొద్దుటా సాయంత్రమూ ఒక్కటే. ఒక ఇంటి ముందు ఎద్దు కూడా కుంటుతోంది.

"మేష్ట్రు చెప్పినాడు, నీళ్లల్లో ఫ్లోరైడని ఏందో ఉండాదంట" అంది ఓబులమ్మ. "బావులు ఎండిపోయి బోర్లు లోతుకు పోయినాంక ఎక్కువైందంట."

నీళ్ల రోగం ఎవరినీ వదలదు, ఎద్దుతో సహా. నా రోగం అలాంటిది కాదు. ఒకే కుండ నీళ్లు తాగే ఐదుగురిలో నలుగురిని వదిలి ఒకరిని పట్టుకుంటుంది. ఇంత దూరం వచ్చింది నా రోగం కానిదాన్ని చూడటానికా అని ఒక బండ మీద కూలబడ్డాను.

అక్కడ కూర్చునే ఉండగా మళ్లీ లేచి నిలబడేంత ఆలోచన వచ్చింది. తక్కువ ఉన్న దేశాలున్నాయి గానీ అసలు లేని చోటు ఉందని డాక్టరమ్మ చెప్పలేదు. నిడుగల్లులో ఆరేడు వందల మందైనా ఉంటారు. నూటికి ఒకరిలోపు అనుకున్నా ముగ్గురో నలుగురో నాలాంటివాళ్లు ఈ ఊళ్లో ఉండి తీరాలి. ఊరందరికీ కీళ్లు నొస్తుంటే వాళ్ల నొప్పిని వేరే నొప్పి అని ఎవరనుకుంటారు? అడవిలో చెట్టును దాచినట్టు వాళ్లు నీళ్ల రోగంలో దాగి ఉండాలి. నేను వెతకాల్సింది ఎక్కువమందిని కాదు, ఆ కొద్దిమందిని.

విత్తనాలు ఒలిచే చోట

విత్తనానికి పెట్టిన వేరుశెనగ కాయలను ఇక్కడ మిషనుకు వేయరు. పప్పు చిట్లితే మొలవదు. వాన ముందర పదిమంది ఆడవాళ్లు ఒకరి వసారాలో కూర్చుని చేత్తోనే ఒలుస్తారు, కూలి శేరుకింత. బొటనవేలు, చూపుడువేలు మధ్య కాయను నొక్కాలి. మూడో రోజు ఓబులమ్మతో అక్కడికి వెళ్లాను. నేను పది కాయలు ఒలిచేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడే అడిగాను, "పొద్దున చేతులు రాక, ఎండెక్కేసరికి తగ్గేవాళ్లు ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?"

"అది రోగమా క్యాంపక్కా?" అంది ఒకావిడ. "అట్లయితే మా మొగోళ్లందరికీ ఉండాది. పొద్దున మడక పట్టి దున్నమంటే నడుము నొప్పి, సాయంత్రం సారాయంగడికి పోడానికి ఏం నొప్పీ ల్యా."

వసారా అంతా నవ్వింది. ఇంకొకావిడ కాయలు చేటలో పోస్తూ, "ఆడోళ్లల్లో అయితే ఒకతే. ఓబులమ్మత్త చిన్నకోడలు. పొద్దున పనిదొంగ, మధ్యాన్నానికి మారాణి. ఈడికి రమ్మంటే ఎప్పుడైనా వచ్చిందా?" అంది.

"ఒలిచేది వేళ్లతోనా, నాలికెతోనా?" అంది ఓబులమ్మ, తల ఎత్తకుండానే. కోడలిని వెనకేసుకు వచ్చిందో, ఇంటి గుట్టు కప్పిందో అర్థం కాలేదు.

నేను వచ్చినప్పటి నుంచీ నాకు వండిపెడుతున్నది ఆ పిల్లే. నేను చూసింది సాయంత్రాలు మాత్రమే. పొద్దున నేను గదిలో దాక్కున్నాను. అదే పొద్దున తను ఎక్కడ దాక్కుందో నాకు ఎలా తెలుస్తుంది?

పొయ్యి దగ్గర నాలుగు చేతులు

మర్నాడు తెల్లవారుతుండగా, వేళ్లు ముడుచుకోకపోయినా, మోచేత్తో తలుపు నెట్టుకుని పెరట్లోకి వెళ్లాను. లక్ష్మీదేవి పొయ్యి ముందు కూర్చుని ఉంది. కుడితి కాచే కుండలోని గోరువెచ్చని నీళ్లలో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచింది. నన్ను చూసి లేవబోయింది. నేను పక్కన కూర్చుని నా చేతులూ అందులో పెట్టాను.

కాసేపు ఇద్దరం ఒకరి కణుపులు ఒకరం చూసుకున్నాం. రెండు చేతులకూ ఒకే చోట్ల, నాకెక్కడో తనకూ అక్కడే.

"ఎప్పటినుంచి అమ్మాయ్?"

"చిన్నోడు పుట్టినాంక."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే ఏమంటారక్కా? నీళ్ల రోగం, ఊరందరికీ ఉండేదే గదా, నీకొక్కదానికేనా నొప్పి అంటారు. అత్త మెడ తిరక్కపోయినా గొడ్లకు గడ్డేస్తాది. నేనేమో చెంబు ఎత్తల్యాను. మధ్యాన్నానికి ఎత్తుతా. ఇంక ఎవురు నమ్ముతారు?" కుండలోకి చూస్తూ అంది, "మా ఆయనొక్కడే నమ్మినాడు. అందుకే చేను అమ్ముతాండాడు. మీ కాలవ నీళ్లు తాగితే బాగయితాదని."

క్యాంపు కూలి లెక్కలు అంత హుషారుగా చెప్పిన నోరు ఇదే.

అడుగుల చప్పుడైంది. ఓబులమ్మ మొత్తంగా ఇటు తిరిగి, కుండలో నాలుగు చేతులు చూసింది.

"ఏంది, నీకు కూడా పొద్దున రావా?"

"రావత్తా. నీ మెడ మధ్యాహ్నానికి తిరుగుతుందా?"

"సచ్చేదాకా తిరగదు."

"మా చేతులు తిరుగుతాయి. ఈ పూట ఇక్కడే కూర్చుని చూడు."

కూర్చుంది. ఆ పూట ఒలుపుకి వెళ్లలేదు. ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చేసరికి మొదట నా వేళ్లు, తరవాత లక్ష్మివి మెల్లగా ముడుచుకోసాగాయి. ఓబులమ్మ కోడలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, కాయ ముదిరిందో లేదో చూసినట్టు ఒక కణుపు నొక్కింది. లక్ష్మి పళ్లు బిగించింది. ఓబులమ్మ చెయ్యి వదిలేసి, చీపురు తీసుకుని, వంగని నడుముతోనే, రోజూ కోడలు ఊడ్వాల్సిన వాకిలి తనే ఊడ్చింది.

అంజినప్పతో

అతనికి చెప్పడమే కష్టమైంది. నీళ్లు మారితే భార్య బాగవుతుందన్న ఆశ మీద అతను బతుకుతున్నాడు.

"అయితే మీ కాలవ నీళ్లతో పోదా?"

"ఇరవై ఏళ్లకు పైగా అవే తాగుతున్నాను. నా చేతులు చూడు."

"మరి యాడికి పోతే పోతాదక్కా?"

"ఎక్కడికి పోయినా ఉంటుంది నాయనా. అమెరికాలో ఉంది, చైనాలో ఉంది. కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ, అంతే. చోటు మారిస్తే పోయేది కాదు. మందుతో చాలావరకు లొంగుతుంది. నాకు వారానికోసారి వేసుకునే మాత్ర ఇచ్చారు. అంతకుముందు నేను చెంచా కూడా పట్టలేకపోయేదాన్ని."

"నీళ్లు చెడ్డవి కాదంటావా?"

"చెడ్డవే. పిల్లల పళ్లు చూశాను. ఆ తియ్యనీళ్లు మాలాంటి చుట్టాలకు మాని వాళ్లకు పొయ్యండి. దానికి చేను అమ్మక్కర్లేదు. లక్ష్మి చేతుల కోసం మాత్రం అమ్మొద్దు, అమ్మినా అవి బాగుపడవు."

అతను లేచి చేనివైపు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. పొద్దు వాలాక వచ్చి, నిలబడే అడిగాడు. "ఆ డాక్టరమ్మ యాడుంటాది?"

"బళ్లారిలో."

"రేపే పోదాం. ఆమె కూడా ఇది నీళ్లవల్లే అంటే, సోమవారం చేను అమ్మేస్తా."

బళ్లారిలో

నలుగురం బయలుదేరాం. ఓబులమ్మ బస్సులో కుడివైపు సీటే కావాలంది. మెడ తిరగదు కాబట్టి ఒకవైపు లోకమే కనబడుతుందట, వచ్చేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే రెండోవైపూ చూసినట్టవుతుందట. కళ్యాణదుర్గంలో అందరికీ ఉగ్గాని నేనే పెట్టించాను.

నిడుగల్లు సంగతీ, నా లెక్కా నేను చెప్పాక, డాక్టరమ్మ లక్ష్మి వేళ్లను ఒక్కొక్కటే నొక్కి చూసింది. "పొద్దున ఎంతసేపు బిగుసుకుని ఉంటాయి? ఎన్నాళ్లుగా?" అని అడిగింది. లక్ష్మి తల వంచుకుని నేల చూసింది. ఇన్నాళ్లూ భర్త తప్ప ఎవరూ నమ్మని మాట కొత్తమనిషి ముందు నోటికి రాలేదు. అంజినప్ప ఏదో అనబోయాడు. అంతలో ఓబులమ్మ ముందుకు జరిగింది.

"నేను చెప్తానమ్మా. చిన్నోడు పుట్టినాంక మొదలైంది, వాడికిప్పుడు మూడేండ్లు. పొద్దున చెంబు ఎత్తల్యాదు, జడ అల్లుకోల్యాదు. ఎండ వాకిట్లోకి వచ్చినాంక వేళ్లు కదుల్తాయి. అబద్ధం కాదు. నేను పక్కన కూసోని కండ్లారా చూసినా."

లక్ష్మి అప్పుడు తలెత్తి అత్తను చూసింది.

డాక్టరమ్మ రక్తపరీక్షకు రాసింది. అది వచ్చాక ఖాయంగా చెబుతానంటూనే, చేతులు చూస్తే నా రోగమే అనిపిస్తోందంది. ఓబులమ్మ మెడ కూడా చూసి, ఇది మాత్రం నీళ్లదే అంది. "ఒకే ఇంట్లో రెండు రోగాలు. పెద్దది చిన్నదాన్ని కప్పేసింది" అని నా వైపు తిరిగి, "మీ లెక్కే పట్టిచ్చింది" అంది. ఆ మాటకు నేను కుర్చీలో నిలవలేకపోయాను.

బయటికి వచ్చాక అంజినప్ప రక్తపరీక్ష చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత, "సోమవారం వచ్చేవానికి చేను అమ్మడం ల్యాదని చెప్తా" అన్నాడు. "వాన పడితే విత్తనం వేయల్ల."

సిరుగుప్ప బస్సు వచ్చేలోపు ఓబులమ్మకు నా లెక్క మొత్తం చెప్పాను. ఊళ్లో ఇంతమందికి ముగ్గురో నలుగురో ఉండాలని, ఒకరు దొరికారని, ఇంకా ఇద్దరో ముగ్గురో ఎక్కడో దాగి ఉన్నారని, నాట్లు కాగానే వచ్చి మళ్లీ ఇల్లిల్లూ వెతుకుతానని.

"నువ్వు వచ్చేదాకా ఎందుకు?" అంది ఓబులమ్మ. "ఊర్లో ఎవురెవుర్ని పనిదొంగలంటాండారో నాకు తెల్సు గదా. ఆ ఇండ్లకే పోతా, తెల్లారక ముందే."